శాంతి శాస్త్రం చదివినవారికి కొలువెక్కడ?

2004 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, నక్సలైట్లకూ మధ్య హైదరాబాద్‌లో నాలుగు రోజులపాటు చర్చలు జరిగినప్పుడు దేశమంతా ఇటువైపు చూసింది. ఉభయ పక్షాలనూ ఒక బల్ల వద్దకు చేర్చిన మధ్యవర్తులలో ఎస్.ఆర్. శంకరన్ విశ్రాంత ఐ.ఏ.ఎస్. అధికారి. కె.జి. కన్నబిరాన్ న్యాయవాది. జి. హరగోపాల్ రాజనీతి శాస్త్ర ఆచార్యులు. పొత్తూరి వెంకటేశ్వరరావు పత్రికా సంపాదకులు. 'శాంతి, సంఘర్షణల అధ్యయనం' అనే విద్యలో పట్టా పుచ్చుకున్నవారు వీరిలో ఒక్కరూ లేరు. 2005 జనవరి నాటికి ఆ చర్చల ప్రయత్నం విఫలమైంది. అయినా ఆ బల్ల వద్దకు ఇరువురూ రావడం వెనుక, శంకరన్ సారథ్యంలో 1997లో ఏర్పడిన పౌరస్పందన వేదిక ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగి, హింసకు బలైన కుటుంబాల గోడు విని, ఇరుపక్షాలకూ నచ్చచెప్పి సాగించిన కృషి ఉన్నదన్నది మరువరానిది.

ఆనాడు అనుభవంతో అబ్బిన ఈ విద్యనే ఇవాళ తరగతి గదిలో శాస్త్రంగా బోధిస్తున్నారు. రెండేళ్ల ఎం.ఎ. ముగించి బయటకు వచ్చే విద్యార్థికి బతుకుతెరువు ఏమిటన్నది అతడి తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న. విద్యాసంస్థల సమాచార పుస్తకాలు ఐక్యరాజ్యసమితి, రెడ్ క్రాస్, అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థల పేర్లు చూపి చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్లు సరిపెడుతుంటాయి. పత్రికలలో వెలువడే ఉద్యోగ ప్రకటనలు తిరగేస్తే 'శాంతి అధికారి' అన్న కొలువు మచ్చుకైనా కానరాదు. ఈ రెంటికీ మధ్య వాస్తవం ఎక్కడున్నదో పరిశీలించవలసి ఉంది.

అటు గాంధీ, ఇటు రక్షణ

ఈ శాస్త్రానికి పుట్టినిల్లు ఐరోపా. నార్వే సామాజిక శాస్త్రవేత్త యొహాన్ గాల్టుంగ్ 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థను నెలకొల్పారు. యుద్ధం లేనంత మాత్రాన శాంతి ఉన్నట్లు కాదనీ, మనుషులను అణచివేసే వ్యవస్థ కూడా హింసేననీ ఆయన ప్రతిపాదించారు. అంతకుముందే 1955లో ఆర్నె నెస్‌తో కలిసి గాంధీజీ రాజకీయ నీతిపై గ్రంథం రాసినవారాయన. సరుకు మనదే, ముద్ర మాత్రం వారిదన్నమాట. 1971లో స్వీడన్‌లోని ఉప్సాలా, 1973లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలు ప్రత్యేక శాఖలు తెరిచాయి. దక్షిణాసియాలో ఢాకా విశ్వవిద్యాలయం 1999లోనే శాంతి, సంఘర్షణల అధ్యయన శాఖను ప్రారంభించింది.

మన దేశంలో ఈ చదువు రెండు పాయలుగా పారుతున్నది. ఒకటి గాంధేయ పాయ: తమిళనాడులోని గాంధీగ్రామ్, చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం, కొట్టాయంలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఈ కోవలోనివి. రెండవది సంఘర్షణలను రాజకీయ, భద్రతా కోణం నుంచి విశ్లేషించే పాయ. ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాలో 2004లో ఏర్పడిన నెల్సన్ మండేలా కేంద్రం, సిక్కిం విశ్వవిద్యాలయంలోని శాఖ ఈ రెండవ వరుసలో పేర్కొనదగినవి. వారణాసిలో హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన మాలవీయ శాంతి పరిశోధన కేంద్రం 1998లో ఏర్పడింది. హైదరాబాద్‌లో, 1930లో లాహోర్‌లో పుట్టి తర్వాత ఇక్కడికి తరలివచ్చిన హెన్రీ మార్టిన్ సంస్థ మతాల మధ్య సఖ్యతపై పనిచేస్తున్నది.

ఇన్ని ఉన్నా అధ్యాపక వృత్తిలో చోటు మాత్రం ఇరుకే. విశ్వవిద్యాలయ నిధుల సంఘం వారి జాతీయ అర్హత పరీక్షలో ఈ శాస్త్రానికి విడిగా పీఠం లేదు. 'బౌద్ధ, జైన, గాంధేయ, శాంతి అధ్యయనాలు' అంటూ నాలుగింటినీ ఒకే ప్రశ్నపత్రంలో చుట్టబెట్టారు. నేపాల్ శాంతి ఒప్పందంపైనో, మణిపూర్ శిబిరాలపైనో రెండేళ్లు శ్రమించిన విద్యార్థి పరీక్ష కోసం జైన దర్శనం కూడా కొత్తగా చదవాలి. రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాలకు, మానవ హక్కులకు, అంతర్జాతీయ అధ్యయనాలకు విడివిడిగా పత్రాలుండగా దీనిని మాత్రం దర్శనాల గాటన కట్టడం విచిత్రం. పరీక్షలో నెగ్గి పరిశోధక వేతనం పొందినవారికి 2023 జనవరి నుంచి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు అందుతున్నది. పరిశోధన ముగిసిన పిమ్మట చేరదగిన శాఖలను వేళ్లమీద లెక్కించవచ్చు. రాజనీతి శాస్త్ర శాఖల తలుపు తడితే, మీ ఎం.ఎ. మా శాస్త్రంలో కాదు కదా అన్న ఆక్షేపణ ఎదురుకావచ్చు.

పత్రికల నుంచి పుట్టే అంకెలు

ఢిల్లీ పరిశోధన సంస్థలు మరొక గమ్యం. 1996లో పి.ఆర్. చారి, మేజర్ జనరల్ దీపాంకర్ బెనర్జీ కలిసి స్థాపించిన శాంతి, సంఘర్షణల అధ్యయన సంస్థ వీటిలో ఒకటి. స్థాపకులలో ఒకరు మాజీ ఐ.ఏ.ఎస్. అధికారి, మరొకరు సైనికాధికారి కావడం గమనార్హం. ఇటువంటి సంస్థలలో పై మెట్ల మీద విశ్రాంత దౌత్యవేత్తలు, సేనానులు కనిపిస్తారు. కింది మెట్టు మీద నామమాత్రపు భత్యంతో కొన్ని నెలలు పనిచేసే యువకులు ఉంటారు. మధ్య మెట్లు తక్కువ.

అయితే ఈ రంగంలోనే పెద్దగా ప్రచారంలో లేని ఉపాధి ఒకటి ఉంది. అది సంఘర్షణల గణాంకాల సేకరణ. ఎక్కడ ఏ రోజున ఎవరెవరి మధ్య ఘర్షణ జరిగింది, ఎందరు మరణించారు, కథనాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నది వరుసకట్టి నమోదు చేసే పని ఇది. ఉప్సాలా లెక్క ప్రకారం ఏడాదిలో కనీసం 25 మంది పోరులో మరణిస్తే అది సాయుధ సంఘర్షణ, 1,000 మంది మరణిస్తే యుద్ధం. ఢిల్లీలోని సంఘర్షణ నిర్వహణ సంస్థ దక్షిణాసియా ఉగ్రవాద వివరాలను ఇదే తీరున కూర్చుతున్నది. ఈ అంకెలకు ముడిసరుకు చాలావరకు దినపత్రికల వార్తలే. ఆంగ్ల పత్రికలో నాలుగు పంక్తులైన ఎదురుకాల్పుల వార్త తెలుగు జిల్లా సంచికలో ఊరి పేరుతో, మృతుల కులగోత్రాలతో, బంధువుల ఆరోపణలతో సహా ఉంటుంది. తెలుగు, గోండి, ఒడియా చదివి అర్థం చేసుకోగల పట్టభద్రుడికి ఇక్కడ ఆంగ్లం మాత్రమే వచ్చినవాడి కంటె విలువ ఎక్కువ. గణాంక శాస్త్రం కొంత తెలిసి ఉండటం తప్పనిసరి.

ఈ శాస్త్రం ఏమి చేయగలదో చూపడానికి అశుతోష్ వార్ష్నీ 2002లో వెలువరించిన గ్రంథం చక్కని నిదర్శనం. 1950 నుంచి 1995 వరకు జరిగిన మత కల్లోలాల వార్తలను పత్రికల నుంచి ఏరి లెక్కగట్టగా, మరణాలలో గ్రామాల వాటా నాలుగు శాతం లోపేనని తేలింది. దాదాపు సగం మరణాలు ఎనిమిది నగరాలలోనే సంభవించాయి. వాటిలో హైదరాబాద్ ఒకటి. ఆయన హైదరాబాద్‌ను లక్నోతో పోల్చి చూశారు. లక్నోలో చికన్ కుట్టుపని చేసే ముస్లిం శ్రామికులకూ, ఆ సరుకు అమ్మే హిందూ వర్తకులకూ మధ్య ఉన్న నిత్య వ్యాపార బంధం కల్లోలాలకు అడ్డుకట్ట వేసిందని ఆయన నిర్ధారణ. ఇరుగుపొరుగు పలకరింపులు పెద్ద నగరాలలో చాలవనీ, ఇరు మతాలవారూ సభ్యులుగా ఉన్న వర్తక, కార్మిక, వృత్తి సంఘాలే నిలబడతాయనీ ఆయన వాదం.

ఈ సిద్ధాంతం రాకముందే దానిని ఆచరణలో పెట్టినవారు పోలీసులు కావడం విశేషం. 1984లో మత కల్లోలాలతో తగలబడిన భివండీలో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి 1988 నుంచి పేటపేటనా ఉభయ మతాలవారితో మొహల్లా సంఘాలు కట్టించారు. 1992 డిసెంబరులో పక్కనే బొంబాయి మండిపోతున్నా భివండీ చల్లగా ఉంది. మన పోలీసు స్టేషన్లలోనూ పండుగలకు ముందు శాంతి సంఘాలు సమావేశమవుతుంటాయి. టీ తాగి, ఊరేగింపు దారి ఖరారు చేసి లేవడంతో అనేకచోట్ల వాటి పని ముగుస్తుంది. ఏడాది పొడవునా వాటిని సజీవంగా ఉంచే బాధ్యత ఎవరికీ ఉద్యోగంగా అప్పగించలేదు.

ఎరువు సొమ్ము బరువు చేటు

విదేశీ సహాయ సంస్థల ఉద్యోగాలే ఈ చదువుకు పెద్ద ఆకర్షణ. నేపాల్ ఉదంతం ఇక్కడ వివరంగా చెప్పుకోదగినది. 1996లో మొదలైన మావోయిస్టు పోరు 2006 నవంబరు 21న కుదిరిన సమగ్ర శాంతి ఒప్పందంతో ముగిసింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి బృందం దిగింది. ఆయుధాల పర్యవేక్షకులు, ఎన్నికల నిపుణులు, పౌర వ్యవహారాల అధికారులు అవసరమయ్యారు. శిబిరాలలో 19,602 మందిని పోరాటయోధులుగా ధ్రువీకరించారు. 4,008 మందిని అనర్హులుగా పక్కన పెట్టగా, వారిలో 2,973 మంది బాలబాలికలని తేలింది. చివరకు సైన్యంలో చేరినవారు సుమారు 1,400 మంది మాత్రమే. మిగిలినవారికి నష్టపరిహారం, వృత్తి శిక్షణ, గ్రామంలో పునరావాసం కల్పించే బాధ్యత ఏళ్లపాటు వందలాది స్థానిక యువతకు పని కల్పించింది. ప్రభుత్వం శాంతి, పునర్నిర్మాణ మంత్రిత్వ శాఖనే నెలకొల్పింది. 2011 జనవరిలో ఐక్యరాజ్యసమితి బృందం వెనుదిరిగింది. కొన్నేళ్లకు ఆ మంత్రిత్వ శాఖ కూడా రద్దయింది. బాధితులకు న్యాయం చేయవలసిన సత్యశోధన సంఘం 2015లో ఏర్పడినా దాని పని నత్తనడకన సాగింది. పని మిగిలే ఉంది. జీతాలిచ్చే వనరు మాత్రం తరిగిపోయింది.

బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌లోనూ కథ ఇదే. 2017 ఆగస్టు తర్వాత మయన్మార్ నుంచి ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు తరలిరావడంతో సహాయ సంస్థల కార్యాలయాలు వెలిశాయి. 2025 మార్చి నాటికి నిధులు లేక, మనిషికి నెలకు 12.50 డాలర్ల ఆహార సహాయాన్ని ఆరు డాలర్లకు కుదించవలసి వస్తుందని ప్రపంచ ఆహార కార్యక్రమం హెచ్చరించింది. ఆ కోత ఆఖరి క్షణంలో తప్పినా ఉద్యోగుల గుండెల్లో రాయి పడింది. అమెరికా సహాయ సంస్థ యు.ఎస్.ఎయిడ్ 2025 జులై 1తో మూతపడింది. అమెరికా కాంగ్రెస్ 1984లో స్థాపించిన శాంతి సంస్థలో అత్యధిక సిబ్బందిని 2025 మార్చిలో తొలగించారు. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ సైతం 2023 నుంచి ఉద్యోగాలు తగ్గించుకుంటూ వస్తున్నది. మన దేశంలోనైతే 2020లో విదేశీ విరాళాల చట్టానికి తెచ్చిన సవరణ మరొక దెబ్బ. విదేశీ నిధులు పొందిన పెద్ద సంస్థ ఆ సొమ్మును చిన్న సంస్థకు బదలాయించరాదనీ, పాలనా వ్యయం 20 శాతం మించరాదనీ అది శాసించింది. అంతకుముందు ఈ పరిమితి 50 శాతం. జిల్లా స్థాయి సంస్థలు ఎన్నో ఈ బదలాయింపుల మీదే నడిచేవి.

ఐక్యరాజ్యసమితి శాంతి దళాలకు భారత్ ఇంతవరకు 2,90,000 మందికి పైగా సిబ్బందిని పంపింది. 2007లో లైబీరియాకు తొలిసారి పూర్తి మహిళా పోలీసు దళాన్ని పంపిన ఘనత మనదే. కానీ వారు ప్రభుత్వం పంపిన సైనికులు, పోలీసులు. పౌర ఉద్యోగాలకు పోటీ ప్రపంచమంతటితో. యువ వృత్తి నిపుణుల పరీక్షకు 32 ఏళ్ల వయోపరిమితి ఒకటైతే, ఆ ఏటి జాబితాలో స్వదేశం పేరు ఉండటం రెండవ షరతు. జెనీవా, న్యూయార్క్ కలలు కనేవారు ఈ షరతులను ముందుగా చదువుకోవడం మేలు.

సర్కారు కొలువులో విశ్రాంతులదే హవా

ప్రభుత్వం శాంతి చర్చలకు ఎవరిని నియమిస్తున్నది? నాగా సంస్థలతో 1999 నుంచి 2009 వరకు కేంద్రం పక్షాన చర్చలు సాగించినవారు తెలుగువారైన కె. పద్మనాభయ్య. ఆయన కేంద్ర హోం శాఖ మాజీ కార్యదర్శి. ఆ తర్వాత ఆ పనిని చేపట్టిన ఆర్.ఎన్. రవి గూఢచార విభాగంలో పనిచేసినవారు. 2017లో కశ్మీర్‌కు నియమితులైన దినేశ్వర్ శర్మదీ అదే విభాగం. దీనికి భిన్నమైన ఉదాహరణ 2010 అక్టోబరులో కశ్మీర్‌కు నియమించిన ముగ్గురు సభ్యుల బృందం. అందులో దిలీప్ పడ్గావ్‌కర్ పాత్రికేయులు, ఎం.ఎం. అన్సారీ మాజీ సమాచార కమిషనర్ కాగా, రాధాకుమార్ జామియాలోని నెల్సన్ మండేలా కేంద్రానికి సారథ్యం వహించిన పండితురాలు. ఈ శాస్త్రం నుంచి నేరుగా చర్చల పనికి వెళ్లినవారిగా ఆమె పేరే ముందుగా గుర్తుకు వస్తుంది. ఇటువంటి నియామకాలలో నమ్మకం, హోదా ముఖ్యమన్న వాదనను తోసిపుచ్చలేము. అయితే చర్చల బృందంలో కింది స్థాయిలోనైనా ఇద్దరు ముగ్గురు యువ పట్టభద్రులకు చోటిస్తే పదేళ్ల తర్వాత అనుభవజ్ఞులు ఎక్కడి నుంచి వస్తారన్న బెంగ ఉండదు. 2012లో గ్రామీణాభివృద్ధి శాఖ నక్సల్ ప్రభావిత జిల్లాల కలెక్టర్ల వద్ద యువ ఫెలోలను నియమించి ఆ దిశగా ఒక అడుగు వేసింది. ఆ పథకం ఎంతోకాలం సాగలేదు.

2023 మే 3న మణిపూర్‌లో మొదలైన హింసలో 250 మందికి పైగా మరణించారు. 60,000 మందికి పైగా నిరాశ్రయులయ్యారు. అక్కడ శిబిరాలలో పిల్లల చదువు, ఇళ్ల నష్టాల అంచనా, రెండు తెగల మధ్య రాకపోకల పునరుద్ధరణ అన్నీ శిక్షణ పొందిన మనుషులు చేయవలసిన పనులే. వీటికి శాశ్వత ప్రాతిపదికన ఒక ఉద్యోగ శ్రేణిని ఏర్పరచే ఆలోచన ఏ ప్రభుత్వమూ చేయలేదు.

కోర్టు గుమ్మం, ముంపు గ్రామం

కొత్తగా తెరుచుకున్న దారి మధ్యవర్తిత్వ చట్టం. 2023 సెప్టెంబరులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఈ చట్టంలో కొన్ని సెక్షన్లు ఆ అక్టోబరులో అమలులోకి వచ్చాయి. ఒక ప్రాంత ప్రజల మధ్య శాంతి సామరస్యాలను దెబ్బతీసే వివాదాలలో ముగ్గురు మధ్యవర్తులతో సామాజిక మధ్యవర్తిత్వం నెరపవచ్చునని అందులో ఉంది. ఈ తరహా ఒప్పందానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం లేకపోవడం లోపమే. కోర్టుల అనుబంధ కేంద్రాలలో ఈ పనికి 40 గంటల శిక్షణ ప్రమాణంగా స్థిరపడింది. ప్రస్తుతం అక్కడ న్యాయవాదులదే పైచేయి. శాంతి అధ్యయనంతోపాటు న్యాయశాస్త్ర పట్టా కూడా ఉన్నవారు ఈ తలుపు సులభంగా తెరవగలరు.

భూసేకరణ మరొక రంగం. 2013 నాటి చట్టం సేకరణకు ముందు సామాజిక ప్రభావ మదింపును తప్పనిసరి చేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా కొన్ని రాష్ట్రాలు సవరణల ద్వారా కొన్ని ప్రాజెక్టులకు మినహాయింపులు తెచ్చుకోవడంతో ఈ ఉపాధి కొంత సన్నగిల్లింది. అయినా ప్రపంచ బ్యాంకు 2018 నుంచి తన రుణంతో సాగే పనులలో ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ ఉండాలని పట్టుబడుతున్నది. మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు పరిసర ప్రజల ఫిర్యాదుల లెక్క చెప్పాలని సెబీ 2022-23 నుంచి ఆదేశించింది. పోలవరంలో లక్షకు పైగా కుటుంబాలు నిర్వాసితులవుతున్న చోట ఎవరికి ఎంత పరిహారం, ఏ కాలనీలో ఇల్లు అన్న తగవులు పరిష్కరించేది రెవెన్యూ గుమాస్తాలే. అడంగల్ చదవగలిగి, ఊరివారితో ఓపికగా మాట్లాడగలిగిన పట్టభద్రుడు అక్కడ ఎంతో మేలు చేయగలడు. కంపెనీ తరఫున జీతం తీసుకుంటూ గ్రామస్థుల నమ్మకాన్ని నిలుపుకోవడం ఎలాగన్నది మాత్రం ఏ పాఠ్యగ్రంథమూ పూర్తిగా తేల్చలేని చిక్కు.

ఇవన్నీ చూసినప్పుడు, ఈ పట్టా ఒంటరిగా నిలబడే చదువు కాదనీ, న్యాయశాస్త్రమో, గణాంకమో, పాత్రికేయమో, ఒక గిరిజన భాషో తోడున్నప్పుడే అక్కరకు వస్తున్నదనీ అర్థమవుతుంది. ఖర్చంతా భరించి శాంతి విద్య చెప్పించే రోటరీ సంస్థ సైతం ఎం.ఎ. కోసం దరఖాస్తు చేసేవారికి కనీసం మూడేళ్లు, ధ్రువపత్రం కోర్సుకు అయిదేళ్లు పని అనుభవం ఉండాలని నియమం పెట్టింది. ముందు ఒక వృత్తిలో కుదురుకుని, ఆ తర్వాత ఈ చదువుకు రావడం మధ్య తరగతి కుటుంబాలకు క్షేమకరమైన వరుస. ఈ సంగతిని ప్రవేశాల సమయంలోనే విద్యార్థులకు చెప్పవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది.

ఇటువంటి పని కోసం తెలుగువారు రాష్ట్రం దాటి వెళ్లనక్కరలేదు. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణాలు అరచేత పట్టుకుని వేలాది గుత్తికోయలు ఖమ్మం, గోదావరి జిల్లాల అడవులకు వచ్చారు. వచ్చినచోట పోడు కొడితే అటవీ శాఖ కేసులు, వెనక్కి వెళ్లాలంటే భయం. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందు అక్రమంగా వెళ్లగొట్టబడిన గిరిజనులకు పునరావాస హక్కు ఉన్నదంటున్నది. అంటే ఆ ఆరు నెలల్లో ఊరు విడిచిన కుటుంబానికి ఒక దారి, తర్వాత విడిచిన కుటుంబానికి వేరొక దారి. ఏ కుటుంబం ఏ నెలలో ఏ ఊరు వదిలిందో కోయ భాషలో అడిగి, సాక్ష్యాలు కూర్చి, అర్జీ రాసి, రెండు రాష్ట్రాల అధికారుల మధ్య నడిపించే మనిషి కోసం ఆ గూడేలు ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నాయి.